కాటమరాన్ కొన్నారు సరే, ఏటి దాకా తీసుకెళ్లేదెలా?

విజయవాడలో తెరచాప పడవ కొన్నానని చెప్తే అందరూ ముందు అడిగేది ఈత వచ్చా అని. నన్నడిగితే ముందు అడగాల్సింది షెడ్డు ఉందా, కారుకి టోయింగ్ హుక్కు ఉందా అని. చిన్న కాటమరాన్ (పక్కపక్కన రెండు హల్స్, అంటే రెండు సన్నటి పడవ బాడీలు, వాటిని కలుపుతూ అడ్డబార్లు ఉండే తెరచాప పడవ) నీళ్ల మీద ఉన్నంతసేపు పెద్దగా ఏడిపించదు. అది పాడయ్యేది, మనకి దెబ్బలు తగిలేది ఎక్కువగా ఒడ్డు మీదే. అందుకని ఇక్కడ సెయిలింగ్ నేర్పే పని పెట్టుకోను, ఇంటి నుంచి నీళ్ల దాకా, మళ్లీ నీళ్ల నుంచి ఇంటి దాకా జరిగే గొడవ మాత్రమే చెప్తాను.

లెక్క కోసం హోబీ 16 అనే చిన్న కాటమరాన్ మోడల్‌ని తీసుకుందాం. పొడవు 5.05 మీటర్లు, వెడల్పు 2.41 మీటర్లు, బరువు దాదాపు 145 కిలోలు, అంటే బుల్లెట్ బండి కంటే తక్కువే. మాస్ట్, అంటే తెరచాప కట్టే నిలువు కంబం, మాత్రం 8 మీటర్లు. బరువు సమస్యే కాదు, సమస్యంతా ఈ వెడల్పు, ఈ పొడవు. మన రోడ్ల మీద బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు కాబట్టి పడవని విప్పకుండా అలాగే తీసుకెళ్లొచ్చు, కానీ అంతకంటే పెద్దది కొంటే ప్రతిసారీ రెండు హల్స్‌నీ విడదీసి మళ్లీ బిగించాల్సి వస్తుంది, ఆ పని నాలుగుసార్లు చేశాక ఎవరికైనా పడవ మీద ప్రేమ పోతుంది.

ట్రైలర్ ఆటోనగర్‌లో కట్టించుకోవచ్చు. అక్కడి వాళ్ల చేతిపనికి వంక పెట్టలేం, కాకపోతే వాళ్లకి అలవాటైంది లారీ బాడీలు, ట్రాక్టర్ ట్రక్కులు. మీరు చెప్పకపోతే టన్నులు మోసే కమాన్ పట్టీలు వేసి, "గట్టిగా ఉంటదండీ" అని చేతిలో పెడతారు. గట్టిగా ఉండటమే ఇక్కడ తప్పు. బరువు లేని పడవని గట్టి కమాన్ల మీద పెడితే ప్రతి గుంతకీ ఎగిరెగిరి పడుతుంది, ఆ దెబ్బలన్నీ ఫైబర్ హల్ తింటుంది. పడవ, సామాను కలిపి మూడు వందల కిలోలు దాటదని ముందే చెప్పి పల్చటి పట్టీలు వేయించండి. పడవ ఆనే చోట్లు కూడా మీరే దగ్గరుండి గుర్తు పెట్టించాలి: ముందు అడ్డబారు, వెనక అడ్డబారు హల్స్‌ని కలిసే చోట్లకి సరిగ్గా కింద. బరువు దిగేది అక్కడే, హల్ గట్టిగా ఉండేదీ అక్కడే. మధ్యలో ఎక్కడో సన్నటి రోలర్ మీద ఆనిస్తే మన ఎండకి ఫైబర్ మెత్తబడి ఆ చోట సొట్ట పడుతుంది. వెడల్పాటి ఊయల్లాంటి ఆధారం చేయించి, మీద పాత కార్పెట్ ముక్క అంటించండి.

ట్రైలర్‌ని కూడా చట్టం మోటారు వాహనంగానే చూస్తుంది కాబట్టి రిజిస్ట్రేషన్, నంబర్ ప్లేటు, వెనక లైట్లు అన్నీ కావాల్సిందే. కట్టించే ముందే రవాణా శాఖ ఆఫీసుకెళ్లి ఏ కాగితాలు కావాలో కనుక్కోండి, కట్టించాక వెళ్తే తిరగలేక చస్తారు.

హుక్కు మీద పడే బరువు మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం ఉండాలి. అంతకంటే తగ్గితే వేగం 60 కిలోమీటర్లు దాటగానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. పడవని కాస్త ముందుకో వెనక్కో జరిపితే సరిపోతుంది, దీనికేం పెద్ద ఇంజినీరింగ్ అక్కర్లేదు. హుక్కుతో పాటు గొలుసు కూడా తగిలించండి.

కట్టే పట్టీల సంగతి. రాచెట్ పట్టీ (పిడి ఆడిస్తే బిగుసుకునే పట్టీ) చేతిలో ఉంటే మనవాళ్లకి ఒక రకమైన పూనకం వస్తుంది, ఇక తిరగదు అనేదాకా బిగిస్తారు. హల్ పగిలేది అలాగే. పట్టీని అడ్డబార్ల మీదుగా వేసి, పడవ కదలకుండా ఉండేంత బిగిస్తే చాలు, హల్స్ మధ్య బిగించిన గుడ్డ, అంటే ట్రాంపోలిన్ మీదుగా వేయొద్దు. పట్టీకి మధ్యలో ఒకట్రెండు మెలికలు వేస్తే గాలికి బుయ్యిమని మోగదు. ఊరు దాటాక ఒక పది కిలోమీటర్లకి ఆగి మళ్లీ చూసుకోండి, కొత్త పట్టీ తప్పకుండా సాగి ఉంటుంది. మాస్ట్‌ని ట్రైలర్ ముందున్న స్టాండు మీద ఆనించి కారు పైకి వచ్చేలా వీలైనంత ముందుకి జరపండి, వెనక్కి పొడుచుకొచ్చిన కొసకి ఎర్ర గుడ్డ, చీకటి పడితే ఎర్ర లైటు. మన దగ్గర బైకు వాళ్లు ఎంత దగ్గరగా వెనక వస్తారో మీకు తెలియంది కాదు.

దారి విషయానికొస్తే, వన్ టౌన్ సందుల్లోకి ఈ వెడల్పుతో దూరొద్దు. గుంటూరు వైపు పోవాలంటే ప్రకాశం బ్యారేజీ మీదుగా కాకుండా కనకదుర్గ వారధి మీదుగా పోండి. సముద్రానికైతే గుంటూరు నుంచి నారాకోడూరు, చేబ్రోలు, పొన్నూరు, బాపట్ల మీదుగా సూర్యలంక. ఈ దారిలో అసలు శత్రువులు రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, అందుకే తెల్లారాకే బయల్దేరండి, చీకట్లో వద్దు. ఇక టీకి ఆగితే మాత్రం పావుగంట ఎక్కువే పెట్టుకోండి. "ఏంటండీ ఇది, విమానం రెక్కలా?" అని ఒకాయన మొదలుపెడతాడు, ఆయనకి జవాబు చెప్తుంటే అటు పక్క పిల్లలు తాళ్లు లాగి చూస్తుంటారు. ఒక మనిషిని బండి దగ్గరే నిలబెట్టండి.

ఇప్పుడు దించడం. విజయవాడలో నదికి ఘాట్లకేం కొదవ లేదు, 2016 పుష్కరాలకి కట్టినవే బోలెడు, కానీ అవన్నీ మెట్లు. మెట్ల మీద ట్రైలర్ దిగదు. మీకు కావాల్సింది ఏటవాలుగా దిగే మట్టి రేవు గానీ, ఇసుక ఒడ్డు గానీ. ముందు రోజు ఖాళీ చేతులతో వెళ్లి రేవు చూసుకుని, కాలితో తొక్కి గట్టిగా ఉందో ఒండ్రు బురదో తేల్చుకోండి, పైకి ఎండి పగుళ్లిచ్చిన ఒండ్రు కింద మోకాలి లోతు బురద ఉండటం కృష్ణ ఒడ్డున మామూలే. జలవనరుల శాఖ వాళ్లనీ, పోలీసుల్నీ అడక్కుండా పడవ దించొద్దు. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పర్యాటకుల బోటు తిరగబడి ఎంతమంది పోయారో అందరికీ గుర్తే, లైఫ్ జాకెట్ లేకుండా నీళ్లలోకి అడుగుపెట్టేవాళ్లని ఎవరైనా ఆపితే వాళ్లతో వాదించకండి.

రేవు దగ్గర మొదట చూడాల్సింది కింద కాదు, పైన. 8 మీటర్ల అల్యూమినియం మాస్ట్, స్టీలు తీగలు, తడి కాళ్లు, దానికి తోడు కరకట్ట పక్కన పొలాల మోటార్లకి వెళ్లే కరెంటు లైన్లు, అవి కూడా ఎక్కడికక్కడ వేలాడుతూ. తెరచాప పడవల వాళ్ల ప్రాణం తీసే వాటిలో నీళ్ల తర్వాత చెప్పుకోవాల్సింది ఇదే. మాస్ట్ ఎత్తే చోటు నుంచి నీళ్ల దాకా నడిచి, తలెత్తి చూస్తూ, ఒక్క తీగ కూడా అడ్డం రాదని తేలాకే మాస్ట్ లేపండి. మాస్ట్ నిలబెట్టాక పడవని ట్రైలర్ మీద ఉంచి కారుతో లాగొద్దు, పది అడుగులైనా సరే.

మాస్ట్ లేపడానికి ఇద్దరు చాలు, ముగ్గురుంటే హాయి. మొదలు భాగాన్ని ముందు అడ్డబారు మీదున్న గుంటలో కూర్చోబెట్టి మడత పిన్ను వేయండి. పక్క తీగలు రెండూ ముందే తగిలించి, మెలిక పడలేదని చూసుకోండి. ఒకళ్లు ట్రాంపోలిన్ మీద నిలబడి మాస్ట్‌ని భుజం మీదికి ఎత్తుకుని ముందుకి నడుస్తారు, ఇంకొకళ్లు ముందు నిలబడి తాడుతో లాగి, నిలబడగానే ముందు తీగ బిగిస్తారు. అది బిగిసేదాకా ఎత్తిన మనిషి చేతులు వదలకూడదు, ఫోన్ మోగినా సరే. బిగించాక ఆ మడత పిన్ను తీసేయాలి, లేకపోతే మాస్ట్ గాలికి తగ్గట్టు తిరగదు. ఈ తీగల పిన్నులకి వేసే రింగులు చిన్నవి, ఇసుకలో పడితే ఇక దొరకవు, కింద ఒక పాత పట్టా పరిచి పని చేసుకోండి, జేబులో అదనంగా ఓ గుప్పెడు ఉంచుకోండి.

ట్రైలర్‌ని నీళ్లలోకి దించొద్దు. యాభై కిలోమీటర్లు తిరిగొచ్చిన చక్రం మధ్యలోని హబ్ వేడిగా ఉంటుంది, చల్లటి నీళ్లలో ముంచగానే లోపలి గాలి ముడుచుకుని, సీల్ పక్క నుంచి నీళ్లని లోపలికి లాగేస్తుంది. అప్పుడేం తెలియదు, కొన్ని వారాల తర్వాత చేబ్రోలు దగ్గర చక్రం గర్ గర్‌మంటే తెలుస్తుంది. 145 కిలోల పడవకి ఆ అవసరం కూడా లేదు. గట్టు మీదే ట్రైలర్ ఆపి, లావు టైర్ల చిన్న తోపుడు బండి మీదికి జరిపి చేత్తో తోసుకెళ్లండి. ఇసుకలో టైర్లు దిగబడుతుంటే గాలి సగానికి తగ్గిస్తే సాఫీగా పోతుంది, సూర్యలంకలో అయితే ఇది తప్పదు. నీళ్లలో దించే ముందు హల్స్ వెనక డ్రెయిన్ ప్లగ్గులు బిగించారా లేదా అని ఇద్దరు విడివిడిగా చూడండి. తెరచాప ఎత్తేటప్పుడు పడవ ముక్కు గాలికి ఎదురుగా ఉండాలి, చుక్కానులు మాత్రం లోతు వచ్చేదాకా పైకే ఉంచాలి.

బ్యారేజీకి పైనున్న నీళ్లలో ఒక చిక్కు ఉంది. నది అక్కడ పడమర నుంచి తూర్పుకి పోతుంది, జూన్, జులైలో గాలీ పడమటిదే, తూర్పు కొసన 70 గేట్ల బ్యారేజీ. అంటే మాస్ట్ విరిగినా, తాడు తెగినా ప్రవాహం, గాలి రెండూ కలిసి మిమ్మల్ని తీసుకెళ్లేది గేట్ల మీదికే. గేట్లు ఎత్తి ఉన్న రోజున ఎంత మంచి గాలి ఉన్నా ఇంట్లో కూర్చోండి. మిగతా రోజుల్లోనూ తెడ్డు ఒకటి, తాడు కట్టిన చిన్న లంగరు ఒకటి పడవలో ఉండాల్సిందే.

వరద రోజుల్లో పడవని రేవులో కట్టేసి రావడం అనే ఆలోచనే పెట్టుకోవద్దు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకి ఎగువన కట్టేసిన పెద్ద ఇనప పడవలే తెంచుకొచ్చి బ్యారేజీ గేట్లకి గుద్దుకుని, గేట్లు ఎత్తడానికి తోడ్పడే కౌంటర్ వెయిట్లు పగలగొట్టాయి. మన తాడు ఏపాటిది?

ఇంటికొచ్చాక చేసే పనే చాలామంది ఎగ్గొడతారు. నదిలో తిప్పితే ఒండ్రు కడిగితే చాలు. సముద్రంలో తిప్పితే మాత్రం మంచినీళ్లతో ప్రతి పుల్లీ, ప్రతి తీగ, ప్రతి స్క్రూ కడగాలి, ముఖ్యంగా అల్యూమినియంలో స్టీలు స్క్రూ దిగిన చోట్లు, ఉప్పు పేరుకుంటే అక్కడ తెల్లగా పొడి రాలి, ఏడాదికి అసలు స్క్రూయే ఊడి రాదు. తర్వాత ప్లగ్గులు తీసేసి, ముక్కు కొంచెం పైకెత్తి పెట్టండి, లోపలి నీళ్లు కారిపోతాయి, ఎండకి లోపల గాలి వేడెక్కి ఉబ్బినా బయటికి పోయే దారి ఉంటుంది.

మన ఊళ్లో పడవకి ఎండని మించిన శత్రువు లేదు. తెరచాప, తాళ్లు, ట్రాంపోలిన్ కుట్లు, అన్నీ ఎండకి ముందు రంగు పోయి, తర్వాత బలం పోయి, లాగితే పర్రున చిరుగుతాయి. పడవ రేకుల షెడ్డు కింద ఉన్నా సరే తెరచాప వేరుగా దాచండి. మడత పెట్టొద్దు, చుట్టండి, తెరచాపలో దూర్చిన బద్దల బిగువు వదులు చేసి అడ్డంగా చుడితే సరిపోతుంది. పూర్తిగా ఆరాకే చుట్టాలి, తడిగా చుడితే వానాకాలంలో వారంలో నల్ల బూజు. ఆ చుట్టని బోరు వేసేవాళ్లు వాడే లావు పీవీసీ గొట్టంలో పెట్టి, రెండు కొసలకీ మూతలు వేసి, గాలాడటానికి సన్నటి బెజ్జాలు పెట్టి, పైకప్పుకి వేలాడదీయండి. ఇదంతా పందికొక్కుల కోసం. నేల మీద పెట్టిన తెరచాపలో అవి కాపురం పెడతాయి.

గుంటూరులో ఎవరైనా మిర్చి గోడౌన్‌లో ఓ మూల జాగా ఇస్తామంటే మొహమాటపడకుండా వద్దనండి. ఆ ఘాటు గుడ్డలోకీ తాళ్లలోకీ దూరితే ఎన్ని నీళ్లు పోసినా ఓ పట్టాన వదలదు, మొదటి గాలి తగలగానే అదంతా నేరుగా మీ కళ్లలోకే. లైఫ్ జాకెట్లు హ్యాంగర్లకి తగిలించండి, ప్లాస్టిక్ సంచిలో కుక్కొద్దు.

షెడ్డు లేక బయటే ఉంచేవాళ్లు మాస్ట్ దించి, పడవని ట్రైలర్‌కీ, ట్రైలర్‌ని నేలలో దిగ్గొట్టిన ఇనప మేకులకీ కట్టాలి. మే నెల ఈదురు గాలికి కూడా ఇది లేస్తుంది. బాపట్ల వైపు ఉంచేవాళ్లయితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను కబురు వినగానే లోపలి ఊళ్లకి తెచ్చేసుకోండి, 2023 డిసెంబరు 5న మిచాంగ్ తీరం దాటింది సరిగ్గా ఆ ఒడ్డు దగ్గరే.

చిన్న చిరుగులకి తెరచాపని ఎక్కడికో పంపక్కర్లేదు, టార్పాలిన్లు కుట్టేవాళ్ల దగ్గర బలమైన మిషన్ ఉంటుంది. దారం మాత్రం మీరే ఎండకి తట్టుకునే పాలిస్టర్‌ది తీసుకెళ్లి ఇవ్వండి, జిగ్‌జాగ్ కుట్టు వేయమనండి, లేకపోతే ఆయన అలవాటు ప్రకారం నూలు దారంతో తిన్నగా రెండు వరసలు వేసి ఇచ్చేస్తాడు.