పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనానికి వెళ్తే సైకిల్ కూడా తొక్కిరండి

పిట్స్‌బర్గ్ గుడికి వెళ్లే మనవాళ్లు చాలామంది దర్శనం చేసుకుని, క్యాంటీన్‌లో పులిహోర తిని వచ్చేస్తారు. ఇంకో రోజు టైం ఉంటే గంటన్నర డ్రైవ్‌లో ఓహియోపైల్ అనే చిన్న ఊరు ఉంది, అక్కడికి వెళ్లండి. పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ దాకా పాత రైలు దారిని 150 మైళ్ల సైకిల్ బాటగా మార్చారు, గ్రేట్ అలెగెనీ ప్యాసేజ్ అంటారు. మొత్తం తొక్కాలన్న టెన్షన్ వద్దు. ఓహియోపైల్ నుంచి కాన్‌ఫ్లుయెన్స్ అనే ఊరికి 11 మైళ్లే, పక్కనే నది. ఇక్కడ ఒక కిటుకు ఉంది: వెళ్లేటప్పుడు నదికి ఎదురు కాబట్టి కంటికి తెలియనంత కొద్దికొద్దిగా ఎత్తు ఎక్కుతుంటాం, కాళ్లకు మాత్రం తెలుస్తుంది, తిరుగు ప్రయాణం హాయిగా సాగుతుంది. సైకిళ్లు ఊళ్లోనే అద్దెకు దొరుకుతాయి.

దారంతా సున్నపురాయి పొడి పరిచి ఉంటుంది. వాన పడ్డాక వెళ్తే వెనక చక్రం ఆ తెల్ల బురదంతా వీపు మీద చిమ్ముతుంది, మడ్‌గార్డ్ ఉన్న సైకిలే అడిగి తీసుకోండి (నా చొక్కా ఒకటి అలాగే పోయింది).

దగ్గర్లోనే ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ జలపాతం మీద కట్టిన ఫాలింగ్‌వాటర్ ఇల్లు ఉంది, టికెట్ ముందే బుక్ చేసుకోండి. అక్కడికి మాత్రం కారులోనే వెళ్లండి, ఆ రోడ్డు ఎత్తుపల్లాలు సైకిల్‌తో అయ్యే పని కాదు.