చేపను చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: నోరు చూసి మేత చెప్పడం

పోయిన పాఠంలో తోక, రెక్కలు చూసి చేప ఎలా ఈదుతుందో చెప్పడం నేర్చుకున్నాం. ఈసారి నోరు. పాఠం చదివాక ఆదివారం చేపల మార్కెట్‌కి పొద్దున్నే వెళ్లండి. జనం పెరిగితే కోసేవాళ్లకి మాట్లాడే తీరిక ఉండదు. ఫోను లైటు ఉంటే చాలు, వేరే సరంజామా ఏమీ అక్కర్లేదు.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పక్కపక్కన పెట్టి చూపించమనండి. కట్ల, రోహు, మృగాల అన్నా అవే. ఎర్రమోసు దొరక్కపోతే దిగులు పడకండి, బంగారుతీగతో (కామన్ కార్ప్) కొంత పని జరుగుతుంది.

చేపను పక్కనుంచి చూస్తూ, మూతి కొన నుంచి తోక మధ్యదాకా ఒక గీత ఊహించుకోండి. నోరు ఆ గీతకి పైన ఉందా, కింద ఉందా, సరిగ్గా గీత మీదే ఉందా? ఈ పాఠంలో మొదటి ప్రశ్న ఇదే.

బొచ్చెకి కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి, నోరు పైకి చూస్తుంటుంది. కింది పెదవి బాగా మందం, పై పెదవి లేనట్టే. ఇది నీటి పైపొరలో తిరుగుతూ, కంటికి ఆనీ ఆనని సన్నటి పురుగుల్ని నీళ్లతో పాటు లోపలికి తీసుకుని వడపోసుకుంటుంది. అంత వెడల్పు నోరు, అంత పెద్ద తల ఆ వడపోతకే పనికొస్తాయి.

శీలావతి దగ్గర కాసేపు ఆగండి. మూతి కాస్త ముందుకొచ్చి, చిన్న నోరు దాని కింద ఉంటుంది. వేలు తడిచేసి పెదవి అంచు మీద మెల్లగా రాయండి. నున్నగా ఉండదు, చీర అంచుకి కుట్టిన కుచ్చులా చిన్నచిన్న పోగులు తగులుతాయి. నీటిలో మునిగిన కర్రల మీద, కాడల మీద పట్టిన పాచిని గీరుకు తినడానికి ఇంతకన్నా మంచి పెదవి ఉండదు. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో తవుడు సంచులకి చిల్లులు పెట్టి నీళ్లలో వేలాడదీస్తారు. ఆ చిల్లుల దగ్గర మూతి ఆనించి చప్పరిస్తూ తినడం శీలావతికి కొత్తగా నేర్పాల్సిన పని కాదు, దాని నోరే అలాంటిది.

ఎర్రమోసు నోరు మూతి అడుగున అడ్డంగా, వెడల్పుగా ఉంటుంది. కింది పెదవి ఉందో లేదో అన్నట్టుంటుంది. చెరువు అడుగున కుళ్లిన ఆకు, బురద మీది మడ్డి దీని మేత. ఒకే చెరువులో ఈ మూడింటినీ కలిపి వేయడానికి కారణం మీకు ఇప్పుడు చెప్పక్కర్లేదనుకుంటా.

ఇక మేత నోట్లోకి ఎలా వెళ్తుంది? బంగారుతీగ కింది దవడను పట్టుకుని మెల్లగా కిందికి లాగండి. పై పెదవి దానంతటదే గొట్టంలా ముందుకు సాగుతుంది. నీళ్లలో చేప ఇదే పని రెప్పపాటులో చేస్తుంది. నోటి లోపల చోటు ఒక్కసారిగా పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లతో పాటు మేత లోపలికి దూసుకుపోతుంది. చాలా చేపలు కొరికి కాదు, ఇలా పీల్చి తింటాయి.

నేను మొదట్లో నోరు ఒక్కటి చూసి మొత్తం చెప్పేయొచ్చనుకున్నాను. గడ్డిచేపతో తప్పు తెలిసింది. దాని నోరు దాదాపు గీత మీదే ఉంటుంది, దవడల్లో పళ్లుండవు. ఏది దొరికితే అది తినే చేప అని రాసుకున్నాను. దాని తలకాయ పులుసు తింటుంటే చేప గొంతు భాగంలో వంకర ఎముకొకటి కనిపించింది. దాని మీద దువ్వెన లాంటి పళ్లు! గడ్డి నమిలేది అక్కడ. బంగారుతీగ గొంతులో పళ్లు మన దవడ పళ్లలా చదునుగా ఉంటాయి, నత్త గుల్లల్ని నలగ్గొడతాయి. అప్పటి నుంచి నా లెక్క ఇది: చేప ఎక్కడ తింటుందో నోరు చెబుతుంది, ఏం తింటుందో తెలియాలంటే గొంతుదాకా వెళ్లాలి.

గొంతుకి దారి మొప్పలే. మూత ఎత్తి లైటు వేయండి. ఎర్రటి మొప్పకి ఎదురు అంచున, నోటి వైపు, తెల్లటి ముళ్లు కనిపిస్తాయి. బొచ్చెకి అవి పొడుగ్గా, సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. వడపోత జరిగేది వాటి దగ్గరే. కొర్రమీనులో అదే చోట పొట్టి బొడిపెలు కొన్ని మాత్రమే ఉంటాయి. వడపోయాల్సిన అవసరం దానికి లేదు. దాని నోటి చీలిక కంటి కిందిదాకా పోతుంది, దవడల నిండా సూది పళ్లు. బతికున్న కొర్రమీను నోట్లో మాత్రం వేలు పెట్టకండి. వాలుగకి చీలిక కన్ను దాటి బాగా వెనక్కి పోతుంది. చీలిక ఎంత పెద్దదైతే మింగే చేప అంత పెద్దది కావచ్చు.

ఒక జాగ్రత్త. ఇదంతా ఎదిగిన చేప సంగతి. పిల్లల దశలో శీలావతి కూడా సన్నటి పురుగులే తింటుంది, కొర్రమీను పిల్లలూ అంతే. అరచేతిలో పట్టేంత పిల్లను చూసి తీర్పు చెప్పకండి.

ఈ వారం అభ్యాసం సముద్రపు చేపలతో. ఒక కానాగంత, ఒక వంజరం చూడండి. రెండూ ఒకే కుటుంబం. (కానాగంత శాస్త్రీయ నామంలో ‘కానగుర్టా’ అన్న మాట మన విశాఖ తీరం పేరే. 1803లో అచ్చయిన, ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ రాసిన చేపల వర్ణనల నుంచి అక్కడికి చేరింది. ఆ పేరు చదివినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.) కానాగంత నోరు బాగా తెరిచి లోపలికి చూడండి, ఈకల్లాంటివి కనిపిస్తాయి. వంజరం దవడల్లో ఏమున్నాయో, మొప్పల దగ్గర ఎన్ని ముళ్లున్నాయో లెక్కపెట్టండి. ఏ చేప ఏం తిని ఉంటుందో, పొట్ట కోయకముందే కాగితం మీద రాసుకోండి. కోశాక పొట్టలో ఏముందో చూపించమని అడగండి. పేగుల్ని పారేయనివ్వకుండా ఒక కవర్లో వేయించుకుని రండి, వాటి పొడవు కొలవడంతోనే 5వ పాఠం మొదలవుతుంది.