ఆగస్టులో ఒక మధ్యాహ్నం నీడ మాయమవుతుంది, పిల్లలకు చూపించండి

మూడు, నాలుగు తరగతుల పిల్లలకు నీడ పాఠాన్ని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పకండి, డాబా మీదికి తీసుకెళ్లండి. మన హైదరాబాద్‌లో ఏటా మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, మేలో ఎలాగూ సెలవులే కాబట్టి బడికి ఆగస్టే కుదురుతుంది. చదునైన చోట అడుగు పొడవు పీవీసీ పైపు ముక్కను నిటారుగా నిలబెట్టి, పదకొండున్నర నుంచి ఐదేసి నిమిషాలకోసారి నీడ చివర సుద్దముక్కతో గుర్తు పెట్టించండి. 12:22 దగ్గర నీడ ఉండదు. ఇది ముందే చెప్పేయకండి ప్లీజ్! "నీడ ఎటు పోతుంది?" అని అడిగి, వాళ్లు చెప్పింది తప్పయినా సరే నోట్‌బుక్‌లో రాయించండి, తర్వాత కళ్లారా చూసినప్పుడు వాళ్ల సంబరమే వేరు. మబ్బు పడితే ఒకట్రెండు రోజులు అటూ ఇటూ అయినా పర్వాలేదు, తేడా మిల్లీమీటర్లలోనే. సూర్యుడి వైపు మాత్రం నేరుగా చూడనివ్వకండి.