మొండికేసిన రెండో లైనరు

దమ్ము పనులు అయిన వారానికి మా మూడు సిలిండర్ల ట్రాక్టర్ ఆయిల్ పుల్ల తీసి చూస్తే పాలు పోసిన టీ రంగు, అంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయి. రేడియేటర్లో నీళ్లూ రోజూ తగ్గుతున్నాయి. హెడ్డు గాస్కెట్ అనుకుని మార్చాను, డబ్బు దండగ. చివరికి ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ చాంబరు విప్పి కింద పడుకుని చూస్తే, రెండో లైనరు (పిస్టన్ ఆడే గొట్టం) అడుగు నుంచి బొట్టు బొట్టుగా నీళ్లు. అక్కడ నీళ్లు ఆపే రబ్బరు ఓ-రింగులు పోయాయి.

పిస్టన్లు తీశాక క్రాంకు మీద పాత పంచె కప్పాను. ఏళ్ల తరబడి బోరునీళ్లు పోసిన పుణ్యం, లైనర్ల చుట్టూ తుప్పు, సున్నం గడ్డకట్టాయి. రాత్రంతా డీజిల్‌లో నానబెట్టి, కింద నుంచి తుమ్మచెక్క ఆనించి కొడితే ఒకటోది, మూడోది కదిలాయి. రెండోది కదిలితే ఒట్టు! ఇంకా గట్టిగా కొడదామన్నాడు మా తమ్ముడు. బ్లాకు పగిలితే ఎవడిస్తాడు? లైనర్ని పైకి లాగే పుల్లర్ అద్దెకు తెచ్చి, నట్టు పావు చుట్టు తిప్పడం, కాస్త ఆగడం, మళ్లీ తిప్పడం. గంటకి 'టప్' మంది. ఆ చప్పుడుకి ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

ఓ-రింగులు కూర్చునే గాడులు, పైన లైనరు కూర్చునే మెట్టు అద్దంలా తుడిచాను. అక్కడ ఇసుకరేణువు ఉన్నా లైనరు ఎత్తుగా కూర్చుంటుంది. కొత్త రింగులకు సబ్బునీళ్లు రాసి చేత్తోనే నొక్కాను. పిస్టన్లు ఎక్కించకముందే గొట్టాల మూతులు బిగించి, బ్లాకులో నీళ్లు నింపి వదిలేశాను. తెల్లారేసరికి కింద పరిచిన పేపరు పొడిగానే ఉంది.