స్టీరియో వైరింగ్‌కి ముందు

పర్లాకిమిడిలో వానాకాలం పిడుగులు మనకు కొత్తేం కాదు. మబ్బు పట్టిన రోజు ఈ పని పెట్టుకోకండి.

– స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకాలి.

– ఆంప్లిఫయర్ వెనక కనీసం 8 ఓంలని రాసుంటే 4 ఓంల స్పీకర్లు తగిలించొద్దు, వేడెక్కిపోతుంది.

– వైరు కొస సెంటీమీటరే ఒలిచి, పోగులు గట్టిగా మెలిపెట్టండి. మా ఇంట్లో వెంట్రుకంత రాగి పోగొకటి పక్క టెర్మినల్‌కి (వైరు బిగించే చోటు) తగిలి ఫ్యూజు ఎగిరింది. గంటసేపు స్పీకర్లనే తిట్టుకున్నా!

– ఆంప్లిఫయర్ ఎరుపు టెర్మినల్‌కి స్పీకర్ ఎరుపు, నలుపుకి నలుపు. ఒకటి తిరగబడితే బేస్ (లోతైన శబ్దం) పలచబడుతుంది. రంగులు చెరిగిపోయాయా? వూఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) టెర్మినళ్లకి 1.5 వోల్టుల బ్యాటరీ క్షణంపాటు తాకించండి. దాని కోను (కదిలే గరాటులాంటి భాగం) ముందుకొస్తే బ్యాటరీ ప్లస్ తగిలిన వైపే ఎరుపు.

– వాల్యూమ్ సున్నాకి తిప్పాకే ప్లగ్ పెట్టండి.