2025లో ఇంటి మీద పెట్టిన ఖర్చుకి ట్యాక్స్ క్రెడిట్: ముందు బిల్లులు బయటికి తీయండి

మా ఇల్లు డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఆగస్టులో అటక తలుపు తీస్తే ఇడ్లీ కుక్కర్ మూత తీసినట్టు సెగ మొహాన కొట్టేది. 2025 వేసవిలో అటకలో ఇన్సులేషన్ వేయించాం. గరాజ్‌లో పాత గ్యాస్ వాటర్ హీటర్ పీకించి హీట్ పంప్‌ది (చుట్టూ ఉన్న గాలిలోంచి వేడి లాగి నీళ్లు కాచేది) పెట్టించాం.

మీరూ ఇలాంటిది చేయించి ఉంటే ముందు తేదీ చూసుకోండి. 2025 జూలై 4న సంతకమైన చట్టంతో, ఇలాంటి పనులకి అమెరికా ఫెడరల్ పన్నులో తగ్గించే ఈ క్రెడిట్ 2025 డిసెంబర్ 31తో ఆగిపోయింది. డబ్బు కట్టిన రోజు కాదు, బిగించిన రోజే లెక్క. మా వీధిలో ఒకాయన నవంబర్‌లోనే అడ్వాన్స్ ఇచ్చారు, పనివాళ్లు సంక్రాంతికి వచ్చారు. ఆయనకి పైసా రాదు. రెంట్‌కిచ్చిన రెండో ఇంటికీ రాదు.

తిరకాసంతా బిల్లులోనే. ఇన్సులేషన్, కిటికీలు, తలుపులకి సామాను ఖర్చే లెక్క, కూలీ కలవదు. హీట్ పంప్‌కి కూలీ కూడా కలుస్తుంది. మాకిచ్చిన బిల్లులో ‘అటక పని, 3,400 డాలర్లు’ అని ఒకటే లైను! మూడుసార్లు ఫోన్ చేస్తే గానీ విడదీయలేదు: సామాను 1,900, కూలీ 1,500. క్రెడిట్ ఖర్చులో 30 శాతం, అంటే 1,900కి 570. వాటర్ హీటర్ కూలీతో సహా 4,800. కరెంటు కంపెనీ రిబేటు 400 తీసేస్తే 4,400, దాని మీద అదే 30 శాతం, 1,320. మొత్తం 1,890 డాలర్లు.

ఇన్సులేషన్, కిటికీలు, తలుపులు అన్నిటికీ కలిపి క్రెడిట్ ఏడాదికి 1,200 దాటదు. అందులో కిటికీలకి 600, తలుపులకి 500. హీట్ పంప్‌లకి విడిగా 2,000.

ఇవన్నీ ట్యాక్స్ రిటర్న్‌తో పాటు వేసే ఫారం 5695 రెండో భాగంలో నింపాలి. వాటర్ హీటర్‌కి తయారీదారు కోడ్ అడుగుతుంది, ఇన్సులేషన్‌కి అక్కర్లేదు. అన్ని మోడల్స్‌కీ క్రెడిట్ రాదు కాబట్టి, మీ మోడల్ నంబర్‌కి తయారీదారు ఇచ్చే సర్టిఫికెట్ దించుకోండి. బిల్లులు పంపక్కర్లేదు, దాచుకుంటే చాలు.

“మనకెలాగూ రిఫండే కదా, ఇంక దేన్లోంచి తగ్గిస్తారు?” అంది మా ఆవిడ. తగ్గేది ఏడాది మొత్తం పన్నులోంచి. జీతంలో ముందే కోసేశారు కాబట్టి రిఫండ్ ఆ మేరకు పెరుగుతుంది. అసలు పన్నే లేకపోతే మాత్రం క్రెడిట్ పోయినట్టే, వచ్చే ఏడాదికి జరపనివ్వరు.

2023, 2024లో చేయించి అడగడం మరిచిపోయినవాళ్లు పాత రిటర్న్‌ని సవరించే ఫారం 1040-ఎక్స్ వేయొచ్చు. 2023 రిటర్న్ గడువులోపు వేసినవాళ్లకి 2027 ఏప్రిల్ 15 దాకా టైముంది. ఆ ఏడాది మేము మార్పించిన రెండు కిటికీల రసీదు కోసం ఇప్పుడు గరాజ్‌లో అట్టపెట్టెలన్నీ దింపుతున్నాను.