పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ సెల్స్‌ని ఛార్జ్ చేయడం ఎలా?

కావలసినవి: మల్టీమీటర్, ప్రొటెక్షన్ ఉన్న టీపీ4056 మాడ్యూల్ (లిథియం సెల్‌ని ఛార్జ్ చేసే చిన్న బోర్డు), సెల్ హోల్డర్, మంచి 5 వోల్టుల ఫోన్ ఛార్జర్, ఒక గచ్చు టైల్.

ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో ఎక్కువగా ఉండేవి 18650 అనే లిథియం సెల్స్. బయట కొనేటప్పుడు అలాంటి సెల్ మీద సామర్థ్యం 9900 ఎంఏహెచ్ అని ఉంటే కొనకండి. 18650 అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఆ సైజులో పట్టేది మామూలుగా 3,500 చుట్టుపక్కలే, మహా అయితే 4,000. అసలు సెల్ 45 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. నేను మాత్రం రిపేరు షాపుల్లో పక్కన పడేసిన ల్యాప్‌టాప్ బ్యాటరీలే తెచ్చుకుంటాను. ఆరు సెల్స్‌లో ఒకటి చెడినా ప్యాక్ మొత్తం తీసేస్తారు, మిగతావి చాలాసార్లు బాగానే ఉంటాయి. ప్యాక్‌ని స్క్రూడ్రైవర్‌తో పొడవకుండా ప్లాస్టిక్ బద్దతో విప్పండి.

ఇక అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఛార్జింగ్ పెట్టే ముందు ప్రతి సెల్ వోల్టేజీ చూడాలి. 2.5 పైన ఉంటేనే ముందుకు వెళ్లండి. అంతకంటే బాగా కిందికి దిగి నెలల తరబడి ఉన్న సెల్‌లో లోపలి రాగి రేకు కరుగుతుంది. మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి లోపలే పేరుకుని షార్ట్ చేయగలదు. చిక్కేమిటంటే మాడ్యూల్ దాన్నీ వద్దనదు. 2.9 కింద ఉంటే నెమ్మదిగా కరెంటు ఎక్కించి పైకి తెస్తుంది, చివరికి నిండిందని చెప్పే నీలం లైటు కూడా వెలుగుతుంది. 1.4 వోల్టుల సెల్‌ని నేనూ ఒకసారి అలాగే నింపాను. తెల్లారి పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది, మీటరు 3.6 చూపించింది. ఏ తీగా కలపని సెల్ వేడెక్కిందంటే లోపల షార్టే. ఆ రోజు నుంచి అలాంటి సెల్‌కి రెండో అవకాశం ఇవ్వలేదు, మీరూ ఇవ్వకండి.

ఇంకో సంగతి. మామూలుగా దొరికే ఈ మాడ్యూళ్లలో వేడి కనిపెట్టే పిన్నుని గ్రౌండ్‌కి కలిపేసి ఉంచుతారు. అంటే సెల్ ఎంత వేడెక్కినా దానికి తెలియదు, మీ చెయ్యే చూడాలి. మాడ్యూల్ మీది చిప్ బాగా వేడెక్కడం మామూలే, సెల్ వేడెక్కడం మామూలు కాదు. అందుకే మాడ్యూల్ మీద ఛార్జింగ్ కరెంటు ఎంతో నిర్ణయించే, 122 అని రాసి ఉన్న చిన్న రెసిస్టర్ తీసేసి 2.4 కిలో ఓమ్‌లది పెట్టండి. కరెంటు 1 ఆంపియర్ నుంచి సగానికి తగ్గుతుంది. టైమ్ రెట్టింపవుతుంది, అవనీయండి. పాత సెల్‌కి అంతకు మించి ఇవ్వకూడదు. మాడ్యూల్ బదులు బక్ కన్వర్టర్‌ని (వోల్టేజీ తగ్గించే బోర్డు) 4.2 వోల్టులకి తిప్పి వదిలేసేవాళ్లున్నారు. సెల్ నిండాక కరెంటు ఆపే ఏర్పాటు అందులో ఉండదు, ఆ పద్ధతి వద్దు.

టైల్ మీద పెట్టి, మీరు మెలకువగా ఉన్నప్పుడే ఛార్జ్ చేయండి. నిండిన సెల్‌ని వారం పక్కన పెట్టి చూడండి. 4.1 కిందికి జారితే పారేయాల్సిందే. లిథియంలోనే వేరే రకమైన ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్‌ని మాత్రం 4.2 దాకా నింపే ఈ మాడ్యూల్‌కి పెట్టకండి, వాటి హద్దు 3.65 వోల్టులే.

పనికిరాని సెల్స్ రెండు కొసలకూ టేపు అంటించి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. చెత్త బండిలో వేస్తే నలిగి మంటలు లేవవచ్చు.